పాత కారు మీటరు: తప్పు ముల్లుదా, తీగదా?

ఫోర్డ్ మోడల్ టి కారు 1908 నుంచి 1927 దాకా తయారైంది. కోటిన్నర కార్లు రోడ్డెక్కాయి. వాటిలో ఒక్కదానికీ కంపెనీ పెట్రోలు మీటరు బిగించలేదు. ట్యాంకులో ఎంత ఉందో తెలియాలంటే, చాలా మోడళ్లలో ముందు సీటు మెత్త పైకెత్తి, దాని కింద ఉన్న ట్యాంకు మూత విప్పి, ఒక చెక్కపుల్ల ముంచి, ఎక్కడిదాకా తడిసిందో చూసుకోవాలి. వాన కురుస్తున్నా సరే, సీట్లో పెద్దవాళ్లు కూర్చుని ఉన్నా సరే, అందరూ దిగాల్సిందే. ఇబ్బందే గానీ ఆ పుల్లకు ఒక సుగుణం ఉంది. అది కొలిచేది పెట్రోలునే, మధ్యలో ఇంకేమీ లేదు.

ఆ తర్వాతి కార్లలో పుల్ల పోయి ముల్లు వచ్చింది. ముల్లుకూ ట్యాంకుకూ మధ్య ఒక తీగ, ఆ తీగకు రెండు మూడు జాయింట్లు, అటు చివర తుప్పు పట్టే ఒక ఇనప ట్యాంకు వచ్చి చేరాయి. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. కరెంటుతో పనిచేసే మీటరుకు తెలిసింది ఒక్కటే: తనలోంచి ఎంత కరెంటు పోతోంది అన్నది. ఆ కరెంటు ట్యాంకులో పెట్రోలును బట్టి మారుతుంది. జాయింటుకు పట్టిన చిలుమును బట్టీ మారుతుంది, వదులైన నట్టును బట్టీ, ఎలుక కొరికిన తీగను బట్టీ మారుతుంది. వీటిలో ఏది ఎంత అని విడదీసి చెప్పే తెలివి ఆ మీటరుకు లేదు. అందుకే తీగ తెగినంత మాత్రాన మీటరు మూగబోదు. మరో అంకె చూపిస్తుంది, అదీ అంతే ధీమాగా. పాత కార్ల ఎలక్ట్రీషియన్‌కు కావలసిన విద్యలో సగం, ఏ అబద్ధం ఏ తీగలోంచి వచ్చిందో గుర్తుపట్టడమే.

మొదట్లో కార్లలో కరెంటు పని చాలా తక్కువ. హెడ్‌లైట్లు ఎసిటిలీన్ గ్యాసుతో వెలిగేవి. మన దగ్గర మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడ్ మీద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడితే వచ్చే గ్యాసే అది. 1915 మోడల్‌తో ఫోర్డ్ కారుకు కరెంటు దీపాలు వచ్చాయి గానీ బ్యాటరీ రాలేదు. ఇంజను ఫ్లైవీల్‌కు బిగించిన 16 అయస్కాంతాలు 16 తీగచుట్ల ముందు తిరుగుతూ కరెంటు పుట్టించేవి. ఇంజను నెమ్మదిస్తే దీపాలు గుడ్డివయ్యేవి, వేగం పెంచితే ధగధగలాడేవి, మరీ పెంచితే బల్బు మాడిపోయేది. రెండు హెడ్‌లైట్లనూ ఒకే వరసలో, అంటే సిరీస్‌లో కలిపారు. అందువల్ల ఒకటి మాడితే రెండూ ఆరిపోయేవి. చీకటి రోడ్డు మీద ఆ క్షణంలో డ్రైవరు నోట వచ్చే మాటలు ఏ భాషలోనైనా ఒకటే అయి ఉంటాయి.

బ్యాటరీని కారులోకి గట్టిగా తెచ్చింది సెల్ఫ్ స్టార్టరు. చార్ల్స్ కెటరింగ్ రూపొందించిన కరెంటు స్టార్టరు 1912 మోడల్ కాడిలాక్‌లో వచ్చింది. ఫోర్డ్ మోడల్ టికి అది 1919లో చేరింది, దానితోపాటు బ్యాటరీ, దాన్ని నింపే డైనమో, డాష్‌బోర్డు మీద ఒకే ఒక్క మీటరు కూడా వచ్చాయి. అది అమ్మీటరు. నడిమధ్యలో సున్నా, కుడివైపు 20 ఆంపియర్లు, ఎడమవైపు 20 ఆంపియర్లు. బ్యాటరీలోకి కరెంటు వెళుతుంటే ముల్లు కుడి పక్కకు, బ్యాటరీలోంచి బయటికి వస్తుంటే ఎడమ పక్కకు జరుగుతుంది. పెట్రోలు మీటరు లేని కారుకు అమ్మీటరు ఎందుకని అనిపించవచ్చు. బ్యాటరీ పడుకుందంటే సెల్ఫ్ కొట్టదు, మళ్లీ ముందుకు వెళ్లి హ్యాండిల్ తిప్పాలి. ఆ హ్యాండిల్ వెనక్కి తన్ని చేతులు విరిగినవాళ్లు ఎందరో ఉన్న రోజులవి. బ్యాటరీ మీద కన్నేసి ఉంచడం తప్పనిసరి అయింది.

ఆ అమ్మీటరు విప్పి చూస్తే లోపల సరుకు ఏమంత ఉండదు. వెనక రెండు ఇత్తడి స్క్రూ స్తంభాలు, వాటిని కలుపుతూ ఒక మందపాటి లోహపు పట్టీ, దాని దగ్గర చిన్న శాశ్వత అయస్కాంతం, ముల్లు మొదట్లో ఒక ఇనప రేకు ముక్క. కరెంటు లేనప్పుడు అయస్కాంతం ఆ రేకును నిటారుగా పట్టి ఉంచుతుంది. పట్టీలో కరెంటు పారితే దాని చుట్టూ మరో అయస్కాంత క్షేత్రం పుట్టి రేకును పక్కకు లాగుతుంది. కరెంటు దిశ మారితే లాగే వైపు మారుతుంది. అంతే. చెడిపోవడానికి లోపల పెద్దగా ఏమీ లేదు. ఇత్తడి స్తంభాలు మీటరు డబ్బాకు తగలకుండా ఫైబర్ వాషర్లు ఉంటాయి. గోల అంతా ఆ స్తంభాల దగ్గర, వాటికి వచ్చే తీగల దగ్గర మొదలవుతుంది.

అమ్మీటరు నిజం చెప్పాలంటే దాన్ని ఒక నిర్దిష్టమైన చోట పెట్టాలి. ఒక పక్క బ్యాటరీ, రెండో పక్క మిగతా కారంతా ఉండాలి. దీపాలు, ఇగ్నిషన్, డైనమో అన్నీ ఆ రెండో పక్కనే. అప్పుడే బ్యాటరీలోకి ఎంత వెళుతోంది, బయటికి ఎంత వస్తోంది అన్న తేడా ముల్లుకు అందుతుంది. స్టార్టరు మోటారు ఒక్కటే దీనికి మినహాయింపు. అది వందల ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దాని లావుపాటి కేబుల్‌ను బ్యాటరీ నుంచి విడిగా తీసుకెళతారు. ఈ అమరిక గుర్తుపెట్టుకుంటే ముందు రాబోయే చిక్కులన్నీ అర్థమవుతాయి.

అన్నిటికంటే తేలిక చిక్కు: హెడ్‌లైట్లు వేస్తే ముల్లు ఛార్జింగ్ వైపుకు వెళుతుంది. దీపాలు వెలిగిస్తే బ్యాటరీ నిండుతోందట! మీటరు వెనక రెండు తీగలు తారుమారు అయ్యాయి, మార్చి బిగిస్తే సరి.

దీని కంటే భయపెట్టేది ఒకటుంది. ఇంజను ఆపి, స్విచ్చి తీసేసి, దీపాలన్నీ ఆర్పేసినా ముల్లు ఎడమ చివరకు వెళ్లి అక్కడే కొట్టుకుని నిలబడిపోతుంది. ఇది కట్‌అవుట్ పని. డైనమో మీద కూర్చునే చిన్న రేకు డబ్బా పేరే కట్‌అవుట్. బావిలో మోటారు పైపు అడుగున రైతులు బిగించే ఫుట్‌వాల్వు చేసే పనే ఇదీ చేస్తుంది. డైనమో తగినంత వేగంగా తిరిగి దాని ఓల్టేజి బ్యాటరీ కంటే పైకి వెళ్లినప్పుడు లోపలి కాంటాక్టు మూసుకుని కరెంటును బ్యాటరీ వైపు పంపుతుంది. ఇంజను నెమ్మదించి కరెంటు వెనక్కి మళ్లగానే, ఆ వెనక్కి మళ్లిన కరెంటే లోపలి అయస్కాంతాన్ని బలహీనపరచి కాంటాక్టు తెరుచుకునేలా చేస్తుంది. పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ కాంటాక్టు రోజూ ఎన్నోసార్లు మెరుపులు చిమ్ముతూ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఒకనాడు దాని రెండు మొనలూ కరిగి అతుక్కుపోతాయి. అప్పుడు బ్యాటరీ డైనమోను మోటారులా తిప్పబోతుంది. డైనమో ఇంజను గేర్లకు తగులుకుని ఉంది, తిరగలేదు. తిరగలేని మోటారు కరెంటును వేడిగా మార్చుకుంటుంది. కాసేపట్లో వార్నిష్ మాడే వాసన వస్తుంది. ఆ పరిస్థితిలో మీటరు ముల్లు చెప్పేది పూర్తిగా నిజం. పాతకాలం డ్రైవర్లు కొందరు ఇంజను ఆపాక ముల్లు సున్నాకు వచ్చిందో లేదో చూసుకునే దిగేవారు. మంచి అలవాటు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కుకు వస్తాను. బల్బులు తరచూ మాడిపోతున్నాయి. యజమాని కొత్త బల్బులు కొంటాడు, అవీ మాడిపోతాయి. బల్బుల కంపెనీని తిడతాడు. తప్పు మాత్రం డాష్‌బోర్డు వెనక వదులైన ఒక నట్టుది. నట్టు వదులైతే కరెంటు తగ్గి దీపాలు మసకబారాలి గదా, మాడిపోవడమేమిటి? ఇది అర్థం కావాలంటే ఆనాటి డైనమో స్వభావం తెలియాలి.

మోడల్ టిలోనూ, దాని తర్వాత వచ్చిన మోడల్ ఏలోనూ డైనమో కరెంటును అదుపులో పెట్టింది మూడో బ్రష్షు. మామూలు డైనమోకు రెండు కార్బన్ బ్రష్షులు చాలు. వీటికి మూడోది కూడా ఉంటుంది, ఫీల్డ్ కాయిల్‌కు కరెంటు దీని ద్వారా వెళుతుంది. ఆర్మేచర్‌లోంచి బయటికి వెళ్లే కరెంటు ఎక్కువైన కొద్దీ డైనమో లోపలి అయస్కాంత క్షేత్రం ఒక పక్కకు వంగుతుంది. అలా వంగినప్పుడు మూడో బ్రష్షు దగ్గర ఓల్టేజి పడిపోతుంది. ఫీల్డ్ బలహీనమవుతుంది, కరెంటు పెరగడం ఆగిపోతుంది. ఇంజను ఎంత వేగంగా తిరిగినా డైనమో పది పన్నెండు ఆంపియర్ల దగ్గర తనను తానే పట్టుకుంటుంది. ఏ రెగ్యులేటరూ అక్కర్లేదు. బ్రష్షును కాస్త జరిపితే ఛార్జింగ్ ఎక్కువో తక్కువో చేసుకోవచ్చు. చవకగా, తెలివిగా చేసిన ఏర్పాటు.

అయితే దీనికి ఒక షరతు ఉంది. డైనమో తనను తాను పట్టుకునేది బయటికి పోయే కరెంటు వల్లనే. ఓల్టేజి సంగతి దానికి పట్టదు, ఆ పని బ్యాటరీకి వదిలేసింది. బ్యాటరీ గట్టిగా తగులుకుని ఉన్నంతసేపూ ఓల్టేజి ఆరు, ఏడు మధ్యన కట్టుబడి ఉంటుంది. ఇప్పుడు అమ్మీటరు వెనక నట్టు వదులైందనుకోండి. గతుకుల రోడ్డు మీద కారు ఎగిరినప్పుడల్లా బ్యాటరీకి దారి తెగుతుంది. డైనమో కరెంటుకు వేరే గతి లేదు. ఆ క్షణాన ఓల్టేజి అమాంతం పైకి లేస్తుంది. లేచిన ఓల్టేజి ఫీల్డ్‌ను ఇంకా బలపరుస్తుంది, అది ఓల్టేజిని ఇంకా లేపుతుంది. దీపాలు ఎటు వైపున్నాయో గుర్తుందా? డైనమో ఉన్న వైపునే. ఆరు ఓల్టుల బల్బు మీద దానికి మించిన ఓల్టేజి పడి ఫిలమెంటు ఎగిరిపోతుంది. దీపాలు వేసుకోని పగటిపూట అయితే ఆ దెబ్బ డైనమో ఫీల్డ్ కాయిల్‌కే తగులుతుంది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. బ్యాటరీ యోగక్షేమాలు చూడమని పెట్టిన అమ్మీటరు, కారు కరెంటంతా నడిచే ఒకే ఒక్క దారిలో అదనంగా రెండు నట్లను తెచ్చిపెట్టింది. ఆ నట్లు డాష్‌బోర్డు వెనక ఉంటాయి, కంటికి కనపడవు, చేతికి అందవు, ఇంజను అదురుకు సగం సగం విప్పుకుంటూ ఉంటాయి. మీటరు లేకపోతే ఆ చిక్కే ఉండేది కాదు. మీటరు లేకుండా బ్యాటరీ సంగతి తెలిసేదీ కాదు. తర్వాతి కాలపు ఇంజనీర్లు అమ్మీటరును పక్కనబెట్టి ఛార్జింగ్ సూచించే ఎర్ర దీపం వైపు మొగ్గడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. ఆ దీపానికి సన్న తీగ చాలు, కారు కరెంటంతా డాష్‌బోర్డు దాకా రానక్కర్లేదు.

ఆరు ఓల్టులు అన్నాను గదా, ఆ అంకెలోనే మరో గొడవ ఉంది. హెడ్‌లైట్ల దారిలో ఒక జాయింటుకు చిలుము పట్టి ఒక ఓమ్‌లో పదో వంతు అడ్డు వచ్చిందనుకోండి. లెక్క సులువు కోసం దీపాలు 10 ఆంపియర్లు లాగుతున్నాయనుకుందాం. ఆ జాయింటులో 1 ఓల్టు ఖర్చయిపోతుంది. దీపానికి మిగిలేది 5. ఓల్టేజిలో ఆరో వంతే పోయింది గదా అనుకుంటాం. కానీ ఫిలమెంటు బల్బు వెలుగు ఓల్టేజి కంటే చాలా వేగంగా పడిపోతుంది, ఆరో వంతు ఓల్టేజి పోతే వెలుగు దాదాపు సగం పోతుంది. పైగా పోయిన ఆ 1 ఓల్టు, 10 ఆంపియర్లు కలిసి 10 వాట్ల వేడిగా ఆ చిన్న జాయింటులోనే దిగుతాయి. వేడికి చిలుము ఇంకా పెరుగుతుంది. అదే వాట్ల దీపాలు 12 ఓల్టుల కారులో ఉంటే కరెంటు 5 ఆంపియర్లే, పోయేది అర ఓల్టు, వెలుగులో తగ్గేది ఏడో వంతు. ఒకే చిలుము, రెండు కార్లలో రెండు ఫలితాలు. అమెరికా కంపెనీలు 1950ల మధ్యలో 12 ఓల్టులకు మారాయి.

తీగల సంగతి చూద్దాం. ఆనాటి తీగ అంటే సన్న రాగి పోచల మీద రబ్బరు తొడుగు, దాని మీద నూలు అల్లిక, అల్లిక మీద లక్క పూత. నూలులో రంగు దారాలు కలిపి ఏ తీగ ఏదో గుర్తుపట్టేలా అల్లేవారు. కొత్తగా ఉన్నప్పుడు చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది. రబ్బరు గట్టిపడాలంటే గంధకం కలపాలి. ఆ గంధకం రాగితో కలిసి నల్లటి పొర కడుతుంది, అందుకే రాగి పోచలకు తగరం పూత పూసేవారు. పూత ఎక్కడ సరిగ్గా పడలేదో అక్కడ రాగి లోలోపల తినుకుపోతుంది. రబ్బరు కూడా ఇంజను వేడికి, గాలికి, నూనెకు ఏళ్ల తరబడి పెళుసెక్కిపోతుంది. పైకి నూలు అల్లిక నిక్షేపంగా కనిపిస్తుంది. కదపనంతవరకు తీగ బాగానే పనిచేస్తుంది. ఎవరైనా మీటరు విప్పడానికి దాన్ని కాస్త వంచితే లోపల రబ్బరు పొడిపొడిగా రాలి, అల్లిక కన్నాల్లోంచి నల్లటి నూకలా బయటపడుతుంది. అప్పటిదాకా లేని షార్టు ఆ పూటే పుడుతుంది. వాన నీరు, చెమ్మ పీల్చుకున్న నూలు సంగతి చెప్పనక్కర్లేదు. మెత్తగా వంగే పీవీసీని వాల్డో సెమన్ 1926లోనే తయారుచేసినా, కార్ల తీగల్లో రబ్బరు, నూలు పూర్తిగా తప్పుకున్నది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే.

ఇలాంటి తీగల్ని ఎక్కడ పెట్టారో చూడండి. 1927 డిసెంబరులో జనం ముందుకు వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏలో పెట్రోలు ట్యాంకు ముందు అద్దం కింద, డ్రైవరు మోకాళ్లకు ఎదురుగా ఉంటుంది. ట్యాంకు వెనక గోడే డాష్‌బోర్డు. పది గ్యాలన్లు, అంటే సుమారు 38 లీటర్ల పెట్రోలు ఉన్న ఆ రేకు గోడకే మీటర్ల పలక బిగించారు. పెట్రోలు చూపించేందుకు ట్యాంకులో తేలే బెండు నేరుగా అంకెల చక్రాన్ని తిప్పుతుంది, అక్కడ తీగ లేదు, అది మంచి పనే. కానీ అదే పలకలో దాని పక్కనే అమ్మీటరు ఉంది. దాని వెనక రెండు ఇత్తడి స్తంభాలకు బ్యాటరీతో నేరుగా సంబంధం. ఎదురుగా కారు బాడీతో కలిసిపోయిన ట్యాంకు రేకు. మధ్య సందు వేళ్లు దూరేంత కూడా ఉండదు. పలక విప్పేవాడు బ్యాటరీ తీగ విప్పకుండా దాన్ని ముందుకు లాగితే స్తంభం రేకుకు తగులుతుంది. ఇంకో సంగతి, ఆ కారులో ఫ్యూజు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. మోడల్ టిలోనూ లేదు. ఆరు ఓల్టులే గదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆరు ఓల్టుల బ్యాటరీ మనిషికి షాకు కొట్టదు గానీ షార్టు అయితే వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. తీగ కొన్ని క్షణాల్లో ఎర్రగా కాలి, నూలు అంటుకుంటుంది. ఈ కార్లను ఇప్పటికీ నడిపేవాళ్లు స్టార్టరు మోటారు దగ్గర ఒక ఫ్యూజు అదనంగా పెట్టుకుంటున్నారు. ఫోర్డ్ ఖర్చు తగ్గించిన తీరు మీద చాలా పొగడ్తలు విన్నాం. ఫ్యూజు దగ్గర చేసిన పొదుపును మాత్రం పొగడలేం.

ఆ రోజుల్లో ఇతర మీటర్లకు తీగల జోలికే పోలేదు. ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్న స్పీడోమీటరులో అయస్కాంతం ఉంది, విద్యుత్ ప్రవాహమూ ఉంది, వైరు మాత్రం లేదు. తిరిగే కేబుల్ అయస్కాంతాన్ని తిప్పితే, దాన్ని కప్పుకున్న లోహపు గిన్నెలో సుడి కరెంటు పుట్టి గిన్నెను తనతో లాక్కుపోతుంది, సన్న స్ప్రింగు దాన్ని ఆపుతుంది. ఆయిల్ ప్రెషర్ మీటరుకు సన్న గొట్టంలో ఆయిలే నేరుగా వచ్చేది. వేడి చూపించే మోటోమీటరు రేడియేటరు మూత మీదే కూర్చునేది.

1930లలో పెట్రోలు మీటరు కూడా కరెంటు బాట పట్టింది. ట్యాంకు కారు వెనక్కి వెళ్లిపోయింది కాబట్టి తీగ తప్పలేదు. ట్యాంకులో బెండుకు తగిలించిన చేయి ఒక రెసిస్టెన్సు తీగ మీద జరుగుతూ ఉంటుంది. డాష్‌బోర్డులో మీటరు దాన్ని బట్టి కదులుతుంది. దీంట్లో రెండు పద్ధతులు బాగా పాతుకుపోయాయి.

జనరల్ మోటార్స్ కార్లలో కనిపించే మొదటి పద్ధతిలో మీటరులో రెండు తీగచుట్లు ఉంటాయి. ఒకటి ముల్లును ఖాళీ వైపు, ఇంకొకటి నిండు వైపు లాగుతుంది. రెండింటికీ ఒకే బ్యాటరీ. కాబట్టి బ్యాటరీ బలం తగ్గినా పెరిగినా రెండూ సమంగా మారతాయి, ముల్లు కదలదు. ట్యాంకు ఖాళీ అయినప్పుడు రెసిస్టెన్సు దాదాపు సున్నా, నిండు వైపు చుట్టు కరెంటంతా ట్యాంకు దారి పట్టిపోతుంది, ముల్లు ఖాళీ చూపిస్తుంది. రెండో పద్ధతిలో, ఫోర్డ్ వాడినదానిలో, రెండు లోహాలు అతికించిన పట్టీని కరెంటు వేడి చేస్తుంది. ఎంత వేడెక్కితే అంత వంగి ముల్లును నిండు వైపు జరుపుతుంది.

ఇప్పుడు ట్యాంకు తీగ మధ్యలో తెగిందనుకోండి. మొదటి కారులో ముల్లు నిండు గీత దాటి పక్కకు కొట్టుకుంటుంది. రెండో కారులో ముల్లు ఖాళీ దగ్గర పడుకుంటుంది. తెగింది ఒకే తీగ, చెప్పిన మాటలు పూర్తిగా ఎదురు. అదే తీగ తొడుగు పోయి ఛాసిస్‌కు తగిలితే, మొదటి కారు ఖాళీ అంటుంది, రెండో కారు నిండుగా ఉందంటుంది. కాబట్టి ముల్లును బట్టి తప్పు చెప్పాలంటే ముందు ఆ కారు ఏ పద్ధతిదో తెలిసి ఉండాలి.

పూర్తిగా తెగడం కంటే సగం చెడడం మరీ మోసం. ట్యాంకు బిగించిన చోట తుప్పు పట్టిందనుకోండి, లేదా ట్యాంకుకూ ఛాసిస్‌కూ మధ్య ఉన్న మెత్త వల్ల ఎర్త్ సరిగ్గా అందలేదనుకోండి. ఆ తుప్పు రెసిస్టెన్సు ట్యాంకు రెసిస్టెన్సుకు కలుస్తుంది. మొదటి పద్ధతిలో ఎక్కువ రెసిస్టెన్సు అంటే ఎక్కువ పెట్రోలు. పావు ట్యాంకు ఉంటే సగం ఉన్నట్టు చూపిస్తుంది, నమ్మి బయల్దేరినవాడు దారిలో ఆగిపోతాడు. రెండో పద్ధతిలో తుప్పు పెట్రోలును తక్కువ చేసి చూపిస్తుంది, నష్టం లేదు, తొందరపడి బంకుకు వెళతాడు. సాంకేతికంగా మొదటిది నాజూకైన రూపకల్పన, బ్యాటరీ బలంతో నిమిత్తం లేనిది. అయినా చెడిపోయేటప్పుడు యజమానికి మేలు చేసే తీరులో చెడిపోయేది రెండోదే. నా ఓటు దానికే.

ఎర్త్ మాట వచ్చింది గనక ఇంకొక వింత. కొన్ని పాత కార్లలో డాష్‌బోర్డు లైటు వేయగానే పెట్రోలు ముల్లు జరుగుతుంది, ఆర్పితే వెనక్కి వస్తుంది. కార్లలో కరెంటు తిరిగి వెళ్లేందుకు వేరే తీగ లాగరు, ఇనప బాడీయే తిరుగు దారి. మీటరు తన డబ్బా ద్వారా, ఆ డబ్బాలోనే ఉన్న చిన్న బల్బు కూడా అదే డబ్బా ద్వారా బాడీని చేరుకుంటాయి. డబ్బా బిగించిన చోట పెయింటో తుప్పో అడ్డుపడితే బల్బు కరెంటుకు దారి ఉండదు. అది ఊరుకోదు, మీటరు తీగచుట్టులోకి వెనకవైపు నుంచి దూరి, ట్యాంకు తీగ గుండా ప్రయాణించి, కారు వెనక ట్యాంకు దగ్గర ఎర్త్ అందుకుంటుంది. బల్బు మసకగా వెలుగుతుంది, పెట్రోలు ముల్లు తప్పు చూపిస్తుంది. ఒకదానికి సంబంధించిన స్విచ్చి వేస్తే ఇంకొకటి కదిలిందంటే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఎర్త్ తెగిందని చదువుకోవాలి. బల్బూ మార్చక్కర్లేదు, మీటరూ మార్చక్కర్లేదు. డబ్బా కింద ఇసుక కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే చాలు. చెక్క చట్రాల బాడీలున్న కార్లలో ఇది మరీ ఎక్కువ, అక్కడ బాడీ మొత్తాన్ని తిరుగు దారిగా నమ్మలేం.

బ్రిటిష్ కార్ల కరెంటు సామాన్ల మీద జోకులు లెక్కలేనన్ని. బర్మింగ్‌హామ్‌కు చెందిన జోసెఫ్ లూకాస్ కంపెనీని అమెరికా వాహనదారులు చీకటి రాకుమారుడని పిలిచేవారు. ఆ జోకుల్లో సగమే న్యాయం ఉంది. తూటా ఆకారంలో ఉండే వాళ్ల కనెక్టర్లలో చెమ్మ చేరి చిలుము పట్టడం నిజం. అయితే చాలా కార్లలో చీకటికి కారణం, తర్వాత వచ్చినవాళ్లు తీగ తెంపి, చేత్తో మెలిపెట్టి, టేపు చుట్టిన జాయింట్లే. ఈ లూకాస్ వారసత్వం మన దాకా కూడా వచ్చింది. టీవీఎస్‌తో కలిసి 1961లో మద్రాసులో లూకాస్ టీవీఎస్ మొదలైంది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్ మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగింది. లూకాస్ రంగుల పద్ధతిలో గోధుమ రంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెల్లది ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చది ఫ్యూజు దాటి వచ్చిన కరెంటుది, నల్లది ఎర్త్. మన ఇళ్లలో ఆకుపచ్చ అంటే ఎర్త్. ఇంటి వైరింగ్ చేసే మనిషికి పాత బ్రిటిష్ కారు అప్పగిస్తే, ఆకుపచ్చ తీగను అలవాటు కొద్దీ బాడీకి బిగించేస్తాడు. ఫ్యూజు ఎగిరిపోతుంది, అదీ ఫ్యూజు ఉంటే.

ఈ తప్పులు పట్టుకోవడానికి మల్టీమీటరు ఉంటే చాలనుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ముప్పై పోచల తీగలో ఇరవై తొమ్మిది తెగిపోయి ఒక్కటి మిగిలినా మల్టీమీటరు బీప్ అంటుంది. దానికి కావలసింది అతి కొద్ది కరెంటు, ఆ ఒక్క పోచ ఆ మాత్రం మోయగలదు. హెడ్‌లైట్లు వేసిన క్షణంలో అదే పోచ చేతులెత్తేస్తుంది. కాబట్టి పాత తీగను పరీక్షించేటప్పుడు దాని మీద బరువు ఉండాలి. దీపాలు వెలిగించి, మీటరును ఓల్టుల్లో పెట్టి, తీగ ఒక చివర నుంచి రెండో చివరకు ఎంత ఓల్టేజి పోతోందో చూడాలి. అర ఓల్టు కనిపించిందంటే ఆరు ఓల్టుల కారులో అది నేరమే. తర్వాత ఒక్కో జాయింటు మీదా అలాగే చూసుకుంటూ వెళితే ఆ అర ఓల్టును ఎవరు తింటున్నారో తేలిపోతుంది. పాత టెస్ట్ ల్యాంపు కూడా ఇదే కారణంగా పనికొస్తుంది, అది కొంత కరెంటు లాగుతుంది.

మీ ఇంట్లోనో, తెలిసినవారి షెడ్డులోనో అలాంటి పాత కారు ఉంటే, అమ్మీటరు నట్టు ముట్టుకునే ముందు బ్యాటరీ దగ్గరికి వెళ్లండి. రెండు తీగల్లో బాడీకి కలిసిన ఎర్త్ తీగను మొదట విప్పండి. ఆ తీగ విప్పేటప్పుడు స్పానరు జారి బాడీకి తగిలినా ఏమీ కాదు. రెండోదాన్ని ముందు విప్పబోయి తగిలితే మాత్రం నిప్పులు చిమ్ముతాయి. నెగటివే ఎర్త్ అని కళ్లు మూసుకుని నమ్మకండి. మోడల్ టిలో నెగటివ్ ఎర్త్, దాని తర్వాత వచ్చిన మోడల్ ఏలో పాజిటివ్ ఎర్త్.